ఉదయం అంటే బియ్యప్పిండి

రెజైనా,
జనవరి 12

కమలత్తయ్యా,

ఎలా ఉన్నావు? పాండురంగ మావయ్య మోకాలు ఎలా ఉంది? ఇక్కడ రెజైనాలో మైనస్ ముప్పై ఒకటి. బస్‌స్టాపులో పది నిమిషాలు నిలబడితే కనురెప్పలు అతుక్కుపోతున్నాయి.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటి అనుకుంటున్నావు కదూ? కవర్లో ముప్పై ఫారాలు ఉన్నాయి చూడు, అదీ సంగతి. నా పీహెచ్‌డీ గురించి నీకెప్పుడూ ముక్కలు ముక్కలుగానే చెప్పాను. ఇప్పుడు సరిగ్గా చెబుతా. రష్యన్ మాట్లాడేవాళ్లకి ఒక మాట వినిపించి, వెంటనే మనసులోకి ఏ మాట వస్తే అది చెప్పమంటాం. ముప్పై నలభై ఏళ్ల కిందట అక్కడ ఇలాగే అడిగి పోగుచేసిన జాబితాలు ఉన్నాయి. పని, చేతులు, ఉదయం, చురుకుదనం, విశ్రాంతి, ఊరికే కూర్చోవడం, ఇలాంటి మాటలకి అప్పటివాళ్లు ఏమన్నారో, ఇప్పటివాళ్లు ఏమంటున్నారో పక్కపక్కన పెట్టి చూస్తే, పని మీద మనుషుల మనసు ఎలా మారిందో తెలుస్తుంది. కుర్రవాళ్లని ఇక్కడ యూనివర్సిటీలో నేను అడుగుతున్నా. పెద్దవాళ్లు దొరకడం లేదు. నువ్వు పనిచేసే నార్త్ యార్క్ వృద్ధుల డే సెంటర్లో అరవై దాటిన రష్యన్ వాళ్లు బోలెడుమంది కదా? వొరోనెజ్‌లో అయిదేళ్లు చదివిన నీ రష్యన్ ఎప్పటికి పనికొస్తుంది మరి!

రూల్స్ మూడే. అయిదు సెకన్లలో చెప్పిన మొదటి మాటే రాయాలి. నువ్వు అందించకూడదు. చెప్పింది నచ్చకపోయినా దిద్దకూడదు. మొదటి పేరు, వయసు, తేదీ వేస్తే చాలు.

చేస్తావు కదూ?

నీ ధాత్రి


బ్రాంప్టన్,
ఫిబ్రవరి 3

అమ్మడూ ధాత్రీ,

చేస్తావా అని అడుగుతావేమే, నీకు రష్యన్ అక్షరాలు దిద్దించిందెవరు? తొమ్మిది పూర్తయ్యాయి, పంపుతున్నాను. మావయ్య మోకాలు అలాగే ఉంది. వేర్‌హౌస్‌లో నిలబడే పని మానమంటే వినడు. పొద్దున్నే లేచి నా లంచ్ బాక్స్ కూడా తనే కడతాడు, అదొక పిచ్చి.

నీ రూల్స్ బాగానే ఉన్నాయి గానీ, టీ ఇవ్వకుండా పెద్దవాళ్లని ప్రశ్నలు అడగడానికి నాకు నోరు రాలేదు. ఇచ్చాను. దానికి రూల్ లేదుగా?

వీళ్లేం మనుషులమ్మా! రైసా గారికి ఎనభై ఒకటి, ఒడెస్సాలో ముప్పై ఏళ్లు కుట్టు ఫ్యాక్టరీలో చేసింది. 'పని' అనగానే 'నడుము' అంది. 'ఊరికే కూర్చోవడం' అన్నాను. 'హమ్మయ్య' అంది! లెవ్ గారు ఇంజనీరు. 'చురుకుదనం' అంటే 'మాత్రలు' అన్నాడు, 'ఊరికే కూర్చోవడం' అంటే 'సముద్రం' అన్నాడు. ఇంకొకాయన 'ఆదివారం' అని ఊరుకున్నాడు. తొమ్మిది మందిలో ఒక్కరికైనా సిగ్గనిపించదేమే? మా హాస్టల్ వార్డెన్ ఊరికే కూర్చున్న పిల్లని చూస్తే చీపురు చేతికిచ్చేది. ఇక మీ తాతయ్య సంగతి సరేసరి, చేతులు ఖాళీగా ఉంటే తిన్నది అరగదనేవాడు. ఆయన కమ్యూనిస్టు పార్టీ మీటింగులకి వెళ్తూ కూడా దారిలో వత్తులు చేసుకుంటూ పోయేవాడు, నాస్తికుడై ఉండి!

అయినా ఒక్క అక్షరం దిద్దలేదు. చెయ్యి దురద పెట్టింది గానీ దిద్దలేదు.

అత్తయ్య


రెజైనా,
ఫిబ్రవరి 20

అత్తయ్యా,

ఫారాలు అందాయి. రైసా గారి 'హమ్మయ్య' చదివి నేనూ నా రూమ్మేట్ విద్యా అరగంట నవ్వుకున్నాం.

కానీ ఒక చిక్కు వచ్చింది. మా గైడ్ డాక్టర్ వెర్నర్ గారికి ఈ తొమ్మిదీ చూపిస్తే పెదవి విరిచారు. ఇక్కడ కుర్రవాళ్లు 'పని' అంటే 'అలసట' అంటున్నారు, 'ఊరికే కూర్చోవడం' అంటే 'కావాలి' అంటున్నారు. మీ పెద్దవాళ్లూ అదే అంటుంటే ఇక మారిందేమిటి? మార్పు లేకపోతే థీసిస్ ఏం రాయను? జూన్‌లో మాంట్రియల్ కాన్ఫరెన్స్‌కి పేపర్ ఒప్పుకున్నారు. వచ్చే ఏడాది టీచింగ్ అసిస్టెంట్ పోస్ట్ దాని మీదే ఆధారపడి ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇంకో ఇరవై ఒక్కమందిని అడిగి పెట్టు. ముప్పై అయితే ఏదో ఒకటి తేలుతుంది. పాత జాబితాల్లో 'పని' అంటే 'గౌరవం' అన్నవాళ్లు ఇంకా ఎక్కడో ఉండే ఉంటారు.

ధాత్రి


బ్రాంప్టన్,
మార్చి 10

ధాత్రీ,

ఇవి పన్నెండు. ఈసారి మంచివాళ్లు దొరికారు, పని విలువ తెలిసినవాళ్లు. నువ్వు దిగులు పెట్టుకోకు, వేళకి తిను.

సెంటర్లో అంతా మామూలే. మావయ్య బాగున్నాడు. చలి తగ్గింది. మిగతా తొమ్మిదీ వచ్చే నెల పంపుతాను.

అత్తయ్య


రెజైనా,
ఏప్రిల్ 2

అత్తయ్యా,

వెర్నర్ గారు ఎగిరి గంతేశారు. నిజంగా. కొత్త పన్నెండు మందిలో పదకొండు మంది 'ఊరికే కూర్చోవడం' అంటే 'సిగ్గు' అన్నారు! 'ఇదీ మనకి కావాల్సింది, ఒక తరం తరమంతా ఖాళీగా ఉండటాన్ని తప్పుగా చూస్తోంది' అని కాన్ఫరెన్స్ పేపర్‌కి పేరు కూడా పెట్టేశారు.

ఆవిడకి అందరికంటే నచ్చింది జినైదా గారు, డెబ్బై ఎనిమిదేళ్లావిడ. 'ఉదయం' అంటే 'బియ్యప్పిండి' అన్నారట కదా. వెర్నర్ గారు దాని మీద పెద్ద లెక్చర్ ఇచ్చారు. యుద్ధం తర్వాత కరువులో పుట్టిన పిల్ల, తెల్లారితే పిండి దొరుకుతుందా అన్న ఆలోచనే అట. 'చేతులు' అంటే 'గోరింటాకు' అన్నదానికి మాత్రం ఆవిడకి అర్థం దొరకలేదు.

నవ్వొచ్చి అడుగుతున్నా, మీ సెంటర్లో మనవాళ్లెవరైనా చేరారా? రష్యన్ ఇళ్ల ముందు కూడా ముగ్గులు వేస్తారేమిటి? ఊరికే అడిగాను. చెప్పాలని లేకపోతే చెప్పకు.

మిగతా తొమ్మిదీ ఉంటే పంపించు.

ధాత్రి


బ్రాంప్టన్,
ఏప్రిల్ 22

ధాత్రికి,

జినైదా చిన్నప్పుడు తాష్కెంట్‌లో ఉంది. అక్కడ గోరింటాకు పెట్టుకుంటారు, బియ్యమూ తింటారు. నీకు తెలియని విషయాలు లోకంలో చాలా ఉంటాయి. చదువుకున్నదానివి, పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయమన్నదానివి, రాస్తే వెటకారమా? అంత అనుమానమైతే నువ్వే విమానం ఎక్కి వచ్చి అడుక్కో.

తొమ్మిదీ ఇందులో ఉన్నాయి. ముప్పై పూర్తయ్యాయి. ఇక నన్ను అడగకు.

కమలకుమారి


రెజైనా,
మే 20

అత్తయ్య గారికి,

మీరు పంపిన చివరి తొమ్మిది ఫారాల మీద తేదీ ఏప్రిల్ 18. ఆ రోజు గుడ్ ఫ్రైడే. సెంటర్ తెరవలేదు.

ఇది మిమ్మల్ని పట్టుకోవడానికి రాయడం లేదు. పట్టుకోవాల్సినదాన్ని ఎప్పుడో పట్టుకున్నా. మార్చిలో కవరు విప్పి 'ఉదయం, బియ్యప్పిండి' అని చదివిన క్షణమే అది మీరని తెలిసింది. విజయవాడ ఇంట్లో తెల్లవారి లేచి గడపలో ముగ్గు వేసిన మనిషికి తప్ప ఆ మాట ఎవరికి వస్తుంది? ఈ ప్రావిన్స్ మొత్తంలో ఆ ఫారం చదివి గుర్తుపట్టగలిగినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసీ ఆ ఫారాన్ని వెర్నర్ గారి టేబుల్ మీద పెట్టాను. ఆవిడ మెచ్చుకుంటుంటే తల ఊపాను. పైగా నవ్వులాటకి అడిగినట్టు మిమ్మల్ని అడిగి, మీరు తాష్కెంట్ అనగానే, అమ్మయ్య, కారణం దొరికింది అని ఊపిరి పీల్చుకున్నా. ఆ తొమ్మిది కూడా కంప్యూటర్లో ఎక్కించాను. ఇప్పుడు ముప్పైమందిలో పందొమ్మిదిమంది 'సిగ్గు' అన్నారని పెద్ద అక్షరాలతో స్లైడ్ తయారుగా ఉంది. కాన్ఫరెన్స్ జూన్ 19న.

పోయిన వారం వెర్నర్ గారు నాకొక కార్డు ఇచ్చారు. వాళ్ల అమ్మకి తొంభై రెండు, సస్కటూన్‌లో కేర్ హోమ్‌లో ఉంటుంది. ఆవిడా చిన్నతనం రష్యాలోనే గడిపి వచ్చిన మనిషే. వెర్నర్ గారు జినైదా సంగతి చెబితే విని ఏడ్చిందట. నాలుగు లైన్లు రష్యన్‌లో రాసింది. 'బియ్యం కాదుగానీ మాకు బార్లీ పిండి, చెల్లీ' అని మొదలుపెట్టింది. దీన్ని జినైదా గారికి అందజెయ్యమన్నారు.

ఆ కార్డు పట్టుకుని, నేను పొరపాటు పడ్డానేమో, నిజంగానే ఒక జినైదా ఉందేమో అన్న ఆశతో సెంటర్‌కి ఫోన్ చేశాను. అలాంటి పేరుగలవాళ్లు లేరన్నారు. మీ ఆఖరి రోజు ఫిబ్రవరి 7 అని కూడా చెప్పారు.

కాన్ఫరెన్స్‌లో మాట్లాడితే అబద్ధం. చెప్పేస్తే థీసిస్ పోతుంది. ఏం చేయాలో తెలియడం లేదు. మీరు ఫోన్ చేయకండి, మీ గొంతు వింటే నేను ఏమీ అడగలేను. రాయండి.

ధాత్రి


బ్రాంప్టన్,
మే 28

ధాత్రీ, తల్లీ,

నన్ను 'మీరు' అని రాశావు. దానికే సగం చచ్చాను.

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. మానం పోతే పోనీ, చెబుతాను. ఫిబ్రవరి మొదటి వారంలో సెంటర్లో గోడలకి పెద్ద పెద్ద టీవీలు పెట్టారు. పాటలూ ఆటలూ వ్యాయామాలూ అన్నీ ఇక వాటిలోనే వస్తాయట. యాక్టివిటీ అసిస్టెంట్లం ముగ్గురం ఉంటే ఇద్దరిని తీసేశారు. డైరెక్టర్ మంచిదే, చెయ్యి పట్టుకుని, 'కమలా, ఇన్నేళ్లు కష్టపడ్డావు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకో' అంది. పూలగుత్తి ఇచ్చింది. ఆ పూలు ఇంటికి తేలేక బస్సులోనే వదిలేశాను.

మావయ్యకి చెప్పలేదు. ఆయన మోకాలు పట్టుకుని వేర్‌హౌస్‌కి పోతుంటే, నాకు పని లేదు, ఇంట్లో కూర్చుంటాను అని ఏ మొహంతో చెప్పను? రోజూ ఆయన బాక్స్ కట్టి ఇస్తాడు, నేను కోటు వేసుకుని అయిదొందల ఒకటో నంబరు బస్సు ఎక్కుతాను. చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చి, లైబ్రరీలో కూర్చుంటాను. మధ్యాహ్నం అక్కడే తింటాను. అయిదింటికి అలసిపోయినట్టు ఇంటికొస్తాను. అలసటా నిజమేనే, ఏ పనీ చేయకపోతే ఒళ్లు ఇంత నొప్పి పుడుతుందని నాకు తెలియదు.

ఆ లైబ్రరీలో నా సంచిలో ఉన్న ఒకే ఒక పని నీ ఫారాలు. సెంటర్‌కి వెళ్లి వాళ్లని అడగొచ్చు, ఎవరూ కాదనరు. కానీ తీసేసిన మనిషిని గుమ్మంలో నిలబడి ఎలా అడగను? నీ ఉత్తరమేమో నిద్ర పట్టడం లేదంటోంది. పని లేక పిల్లి తల గొరిగినట్టు, కూర్చుని ఆడవాళ్లనీ మగవాళ్లనీ పుట్టించాను. ఒక్కొక్కరికీ ఒక ఊరు, ఒక ఫ్యాక్టరీ. నీ రూల్ ఒక్కటీ తప్పలేదే! ప్రతి మాటకీ అయిదు సెకన్లు గోడ గడియారం చూసుకుని, మొదట వచ్చిందే రాశాను. 'ఊరికే కూర్చోవడం' దగ్గర ప్రతిసారీ అదే వచ్చింది. అనుమానం రాకూడదని రెండుసార్లు బలవంతాన మార్చాను. జినైదా దగ్గర ఒళ్లు మరిచాను, నా చేతులు నేనే చూసుకుంటూ రాసేశాను.

ఆ ముసలావిడ కార్డు సంగతి చదివాక అన్నం దిగడం లేదు. ఒక మనిషి కన్నీళ్లు నేను దొంగిలించానే.

ఇప్పుడు నా మాట విను. ఇందులో వెర్నర్ గారికి ఇంగ్లీషులో ఉత్తరం రాసి పెట్టాను. మోసం నాదొక్కదానిదే, నా మేనకోడలికి ఏమీ తెలియదు, నిన్ననే తెలిసి ఏడ్చింది అని రాశాను. అది ఇచ్చెయ్. నీ తప్పు లేకుండా బయటపడతావు. నువ్వు మార్చిలో గుర్తుపట్టిన సంగతి నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలియదు. పైన ఉన్న మీ తాతయ్యకి నేను చెప్పుకుంటాను.

అత్తయ్య


రెజైనా,
జూన్ 14

అత్తయ్యా,

నీ ఇంగ్లీషు ఉత్తరం రెండు రోజులు నా జేబులో ఉంది. చాలా బాగా రాశావు. ఒక్క తప్పు లేదు. దాన్ని ఇచ్చెయ్యడానికే వెర్నర్ గారి రూమ్‌కి వెళ్లాను, నీ దగ్గర దాచను. కవరు చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

ఆవిడ నన్ను చూడగానే, 'జినైదా గారికి కార్డు అందిందా? అమ్మ రోజూ అడుగుతోంది' అన్నారు.

నీ కవరు జేబులో పెట్టేసుకున్నా. కార్డు తీసి టేబుల్ మీద పెట్టి, జినైదా అనే మనిషి లేదని చెప్పాను. మా ఊళ్లో ఆడవాళ్లు పొద్దున్నే బియ్యప్పిండితో గడప ముందు ముగ్గు వేస్తారని, అది వేసే చేయి మా అత్తయ్యదని చెప్పాను. ఇరవై ఒక్క ఫారాలూ ఆవిడే రాసిందన్నాను. వెర్నర్ గారు ఒకటే అడిగారు, 'నీకెప్పుడు తెలుసు?'

'మార్చి' అన్నాను.

ఆవిడ అరవలేదు అత్తయ్యా, అరిస్తే బాగుండేది. కార్డు తీసి సొరుగులో పెట్టుకుని, 'అమ్మకి నేనేం చెప్పాలి?' అన్నారు. ఆ గది గుర్తొస్తే నడిరోడ్డు మీద కూడా కళ్లు మూసుకుంటున్నా.

కాన్ఫరెన్స్ పేపర్ వెనక్కి తీసుకున్నాం. కమిటీ ముందు వివరణ రాసిచ్చాను. ఇంకా ఏం తేలుస్తారో తెలియదు. టీచింగ్ అసిస్టెంట్ పోస్ట్ ప్రజ్వల్ అనే కుర్రాడికి వెళ్లింది. థీసిస్ మళ్లీ మొదటినుంచి, ఇంకో ఏడాది పైమాటే. స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేయాలి. వెర్నర్ గారు నన్ను వదిలేస్తారనుకున్నా, వదల్లేదు. 'అసలైన తొమ్మిదీ మిగిలాయి కదా, అవి నేను సరిగ్గా చదవనే లేదు' అన్నారు నిన్న. నా మొహం మాత్రం చూడటం లేదు.

నీమీద కోపం లేదు. నువ్వు సిగ్గుపడి అబద్ధం రాశావు. నేను నా పేపర్ కోసం నీ సిగ్గుని పందొమ్మిది అని లెక్కవేసుకున్నా. ఏది పెద్ద తప్పో నాకు తెలుసు.

ఒక ఖాళీ ఫారం పెడుతున్నాను. ఇది థీసిస్‌లోకి కాదు, నాకు. తెలుగులోనే రాయి. నీ పేరు వేసి, నీ వయసు వేసి. ఊరు వొరోనెజ్ అనొద్దు. ఇంకోటి, మావయ్యకి చెప్పు. ఆ బస్సు దిగు.

నీ ధాత్రి


బ్రాంప్టన్,
జులై 2

అమ్మడూ,

నీ ఉత్తరం లైబ్రరీలో నా కుర్చీలోనే కూర్చుని చదివాను. పక్కనున్న పిల్ల టిష్యూలు ఇచ్చింది. వెర్నర్ గారి అమ్మకి నేనే నా పేరుతో రాస్తాను, క్షమించమని. చిరునామా అడిగి పంపించు. ఇవ్వనంటే బలవంతపెట్టకు.

మావయ్యకి ఆదివారం చెప్పాను. పప్పు తిరగమోత పెడుతూ, ఆయన వైపు చూడకుండా, ఫిబ్రవరి నుంచి పని లేదండీ అన్నాను. ఆయన భోంచేశాడు, పడుకున్నాడు. సోమవారం పొద్దున లేచి చూస్తే ఎప్పటిలాగే నా లంచ్ బాక్స్ కట్టి ఉంది. మరిచిపోయాడేమో అనుకుని, 'నేనెక్కడికీ వెళ్లనని చెప్పానుగా' అన్నాను. షూస్ వేసుకుంటూ, 'తెలుసు. ఇంట్లోనే తిను' అన్నాడు. తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. పన్నెండింటికి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని బాక్స్ తెరిచి తిన్నాను. కాస్త ఉప్పు ఎక్కువైంది. అంతా తిన్నాను.

తర్వాత నీ ఫారం నింపాను. ఎదురుగా గోడ గడియారం పెట్టుకుని, మొదటి మాటే రాశాను.

పేరు: కమలకుమారి. వయసు: అరవై నాలుగు. ఊరు: బ్రాంప్టన్.
పని: టీ.
చేతులు: గోరింటాకు.
ఉదయం: ముగ్గు.
చురుకుదనం: రైసా.
విశ్రాంతి: ఉప్పు.
ఊరికే కూర్చోవడం: సిగ్గు.

ఆఖరిదాని దగ్గర వేరే మాట వస్తే నువ్వు సంతోషిస్తావని తెలుసు. అయిదు సెకన్లూ ఆగి చూశాను తల్లీ, రాలేదు. రూల్ ప్రకారం దిద్దలేదు. ఈసారి ఒకటే అని లెక్కవేసుకో.

అత్తయ్య